ఉత్తరము నొసట పొడి అక్షరములు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



వాన ముఖము చాటు చేసిన యేడు గుమ్మఘట్ట చేలలో వేరుసెనగ విత్తనపు ఖర్చుకైనను రాదు. భైరవానితిప్ప ప్రాజెక్టు 1961లో పూర్తియైనది గాని, వేదవతిలో నీరు వచ్చిన నాడే గదా దానికి నిండుదనము! అందుచేత ఇచ్చటి పిల్లలు చదువు పట్టుకొని బళ్ళారికి, బెంగుళూరికి పోవుచున్నారు. కొందరు సముద్రములు కూడ దాటినారు. వారిప్పుడు ఇంటికి జాబులు వ్రాయరు, ఫోనులో మాటాడుదురు. కాని వారి కొలువు, జీతము, సెలవు, బ్యాంకు అప్పు, వీసా అన్నియు ఈమెయిలు అను విద్యుల్లేఖ మీదనే నడచుచున్నవి. ఊరిలో నున్న తండ్రికి సయితము బ్యాంకు నుండియో భీమా కంపెనీ నుండియో అట్టి లేఖ వచ్చును. దానికి ఉత్తరమునకు వలె పైన ఒక వరుస యుండును. ఆంగ్లమున దానిని సబ్జెక్టు అందురు. లేఖను విప్పక ముందే కనబడునది అది యొక్కటే. ఆ వరుసలో రెండు మూడు పొడి అక్షరములు చుక్కలతోనో చుక్కలు లేకనో కూర్చుండియుండును. అవి యేమి చెప్పుచున్నవో తెలిసికొనుటయే ఈ ప్రసంగ విషయము.

ఈ పొడి అక్షరములను చూచి ఇది క్రొత్త కాలపు తెగులని విసుగుకొను పెద్దలున్నారు. వారి పెట్టెలలోని పాత జాబులను ఒకమారు తీసి చూచిన ఆ విసుగు తీరును. ‘మ.రా.రా.శ్రీ’ అని మొదలు కాని జాబు ఆ దినములలో మర్యాదగల జాబే కాదు. మహారాజరాజశ్రీ అనునంత మాటను నాలుగు అక్షరములకు కుదించి, రాజ్యము లేని వారికి సయితము ఆ గౌరవమును తెలుగువారు ఉదారముగా పంచిపెట్టిరి! ‘చి.’ అన్న చిరంజీవి, ‘చి.ల.సౌ.’ అన్న చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి; ‘బ్ర.శ్రీ.’ అన్న బ్రహ్మశ్రీ, ‘కీ.శే.’ అన్న కీర్తిశేషులు. సరిహద్దు అవతలి కన్నడ జాబులందును చి., చి.సౌ. కలవు గనుక ఈ మండలములోని రెండు భాషల ఇండ్లకును అవి పరిచితములే.

‘గం.భా.’ అను మరియొక జత యుండెడిది. గంగాభాగీరథీ సమానురాలని దాని విస్తరణ. వినుటకు పవిత్రముగా తోచును గాని, భర్త పోయిన స్త్రీ పేరునకు ముందు దానిని చేర్చి, తపాలావాడు మొదలుకొని వీధివారందరికిని ఆమె వైధవ్యమును చాటుటయే దాని పని. ఆ అక్షరములు వాడుక నుండి తొలగుట మేలే యైనది. పొడి అక్షరములు కాగితమును మిగుల్చుటకే పుట్టవు. ఒక్కొక్కప్పుడు మనిషిని ఒక అరలో పెట్టి తలుపు వేయుటకును పుట్టును.

నేటి సబ్జెక్టు వరుసకు సరియైన తాత పాత కార్డు మీది ‘అశుభము’ అను మాట. కార్డు తలకట్టున ఆ మాట కనబడినంతనే దానిని చదివి చింపివేయుదురు, ఇంటిలో దాచుకొనరు. అట్లే నాలుగు మూలల పసుపు పూసిన శుభలేఖను అక్షరము రాని ముసలమ్మ సయితము తాకి చూచి పెండ్లి పిలుపని చెప్పును. చదువక ముందే ఎట్లు చదువవలెనో తెలుపుటయే తలకట్టు ధర్మము.

కావ్యములు చదివెడివారికి ఇది మరింత సులభముగా బోధపడును. అచ్చు భారతములోను భాగవతములోను ప్రతి పద్యమునకు ముందు ఒక అక్షరముండును. ఉ. అన్న ఉత్పలమాల, చ. అన్న చంపకమాల, శా. అన్న శార్దూలము, మ. అన్న మత్తేభము, క. అన్న కందము, సీ. అన్న సీసము, తే. అన్న తేటగీతి, వ. అన్న వచనము. దానిని పైకి చదువరు. కాని కన్ను దాని మీద పడగానే గొంతు సిద్ధపడును. ఎచ్చట విరువవలెనో, ఎచ్చట యతి వచ్చునో లోపల తాళము మొదలగును. ఈ సంకేతము తెలియని పిల్లవాడు ‘ఉ’ అని గట్టిగా పలికి, తరువాత పద్యము నెత్తుకొని గణము తప్పించుకొనుట బడులలో వింత కాదు. అదే ‘ఉ.’ పెండ్లి పత్రికలో ‘ఉ. 9.30’ అని యున్నచో ఉదయము. పంచాంగములో ‘శు.’ అన్న శుద్ధము, ‘బ.’ అన్న బహుళము. అక్షరమునకు స్వంతముగా అర్థము లేదు. వ్రాసినవానికిని చదువువానికిని నడుమ నున్న ఒప్పందమే దాని అర్థము. ఒప్పందము తెలిసినవానికి అది దగ్గరిదారి. తెలియనివానికి తాళము వేసిన తలుపు.

ఇక విద్యుల్లేఖ మాట. అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు 1971లో ఒక యంత్రము నుండి వేరొక యంత్రమునకు వలయము మీదుగా లేఖ పంపు ఉపాయమును కల్పించెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ‘ఎట్’ గుర్తు పెట్టినవాడును అతడే. సబ్జెక్టు వరుస తరువాత నియమములలో స్థిరపడినది. ఆ వరుసలో మిక్కిలి తరచుగా కనబడునది ‘ఆర్.ఇ.’ అను రెండక్షరముల ‘రీ’. చాలమంది దానిని రిప్లై అను మాటకు, మరికొందరు రిగార్డింగు అను మాటకు పొడిరూపమని చెప్పుదురు. రెండును కావు. అది లాటిను మాట. ‘ఇన్ రే’, అనగా ‘ఫలానా విషయమున’ అని అర్థము. ఈమెయిలు రూపమును నిర్ణయించు 5322 సంఖ్య గల ప్రమాణపత్రము 2008లో వెలువడినది. అందును ఇట్లే చెప్పబడినది. అనగా ఆ చిన్న ‘రీ’ తాలూకా కచేరీ కాగితము మీది ‘విషయము’ అను మాటకు లాటిను బంధువు. ప్రత్యుత్తరము వ్రాయునపుడు యంత్రము దానిని తానే తగిలించుట వలన జవాబు అను అర్థము వాడుకలో స్థిరపడినది. ఒకమారే యుండవలెనని ఆ పత్రము చెప్పినను, పదిమంది చేతులు మారిన లేఖ నొసట ‘రీ రీ రీ’ అని నాటకములో హార్మోనియము వలె మ్రోగుట కలదు.

జర్మనీలో నున్న పిల్లవానికి వచ్చు లేఖలో ‘రీ’కి బదులు ‘ఏ.డబ్ల్యు.’ అని యుండును. అది జర్మను భాషలో జవాబు అను మాటకు పొడిరూపము. స్వీడనులో నైన ‘ఎస్.వి.’ ఎవరి భాషలో వారు సంక్షేపించుకొనిరి. తెలుగువారు మాత్రము ఇంకను చేసికొనలేదు.

‘ఎఫ్.డబ్ల్యు.’ లేక ‘ఎఫ్.డబ్ల్యు.డి.’ అన్న ఒకరికి వచ్చిన లేఖను వేరొకరికి త్రోయుట. ‘ఎఫ్.వై.ఐ.’ అన్న మీ యెరుకకొరకు మాత్రమే, చేయవలసిన పని లేదు అని. ‘ఎఫ్.వై.ఏ.’ అన్న మీరు పని చేయవలెనని. ఒక్క అక్షరము భేదముతో ఒకడు ఊరకుండవచ్చును, వేరొకడు పరుగెత్తవలెను! ‘పి.ఎఫ్.ఏ.’ ఈ దేశపు ఆఫీసులలో విశేషముగా వాడుకలో నున్నది. ఇందువెంట కాగితము జతపరచితిమని దాని భావము. ‘ఎన్.ఆర్.ఎన్.’ అన్న జవాబు అక్కరలేదు. ‘ఓ.ఓ.ఓ.’ అని చూచి ఎవరో ఏడ్చుచున్నారని గాని, బిడ్డను జోకొట్టుచున్నారని గాని తలపరాదు; ఆయన ఆఫీసులో లేడని మాత్రమే దాని తాత్పర్యము. ‘టి.బి.ఏ.’ అన్న తరువాత తెలుపబడును. ‘ఆర్.ఎస్.వి.పి.’ ఫ్రెంచి మాటల నుండి వచ్చినది, దయచేసి జవాబీయుడని. పెండ్లి పిలుపు మీద దానిని నిర్లక్ష్యము చేసిన వంటవానికి నష్టము. ఉద్యోగపు పిలుపు మీద నిర్లక్ష్యము చేసిన ఇంటికి నష్టము.

ఇందు రెండిటి దగ్గర ఆగవలసియున్నది. మొదటిది ‘ఈ.ఓ.ఎం.’ సబ్జెక్టు వరుస కొసను అది యున్నచో సందేశము అచ్చటితో ముగిసినది, లోపల ఏమియు లేదు, విప్పనక్కరలేదు అని అర్థము. కాని లెక్కలు వ్రాయువారి భాషలో అదే ‘ఈ.ఓ.ఎం.’ అన్న నెల కొస. ‘బాకీ చెల్లింపు - ఈ.ఓ.ఎం.’ అని వచ్చినచో పుచ్చుకొనువాడు డబ్బు నెలాఖరునకు వచ్చునని నిశ్చింతగా కూర్చుండవచ్చును; పంపినవాడు తన మాట అయిపోయినదని మాత్రమే చెప్పియుండవచ్చును. రెండవది ‘ఈ.ఓ.డి.’, దినము ముగియులోగా అని. ఎవరి దినము? కచేరీ మూయువేళయా, అర్ధరాత్రియా? బెంగుళూరులో ప్రొద్దు క్రుంకువేళకు న్యూయార్కులో ఇంకను ఉదయమే. ఇచ్చటి పిల్లవాడు ఈ రాత్రికే గడువు తీరినదని దిగులుపడి విడిచిన పని అచ్చట ఇంకను తెరచియే యుండవచ్చును. ఇచ్చటి సాయంకాలమునకే మూతపడు పనిని అర్ధరాత్రి దాక వేళయున్నదని వాయిదా వేయవచ్చును. గంట వ్రాసి, ఏ దేశపు గంటయో వ్రాయుటకు నాలుగు మాటలు చాలును. ఆ నాలుగు మాటల పిసినారితనము ఒక కొలువును పోగొట్టగలదు.

సబ్జెక్టు వరుసకు ప్రక్కనే యుండు ‘సి.సి.’ని గూర్చి ఒక మాట. కార్బను కాపీ అని దాని అర్థము. 1806లో ఇంగ్లండున రాల్ఫ్ వెడ్జివుడ్ కార్బను కాగితమునకు హక్కుపత్రము పొందెను. రెండు కాగితముల నడుమ ఆ నల్లకాగితము నుంచి వ్రాసి నకలు తీయుట ఇచ్చటి ముసలివారికి తెలిసినదే. కార్బను కాగితము కనుమరుగగుచున్నను అక్షరములు మిగిలినవి. ‘బి.సి.సి.’ అన్నచో తక్కినవారికి తెలియకుండ పంపిన నకలు. దాని మంచిచెడ్డలు చెప్పనక్కరలేదు.

ఈ విద్యలో సర్కారు కచేరీలు విద్యుల్లేఖ కంటె ముందే ఆరితేరినవి. కచేరీ కాగితము మీద మొదట ‘విషయము’, దాని క్రింద ‘సూచిక’ అని రెండు వరుసలుండును. నిఘంటువులలో ‘చూ.’ అని యున్న ఆ ప్రక్క మాటను చూడుమని గదా. సూచిక పనియు అదియే. జీ.ఓ. అన్న ప్రభుత్వపు ఉత్తరువని అందరు నెరుగుదురు. దాని ప్రక్క ‘ఎం.ఎస్.’ అని యున్నచో మాన్యుస్క్రిప్టు, అనగా చేవ్రాత. నేడు కంప్యూటరు మీద పుట్టిన ఉత్తరువు సయితము ‘చేవ్రాత’ అను పేరనే వెలువడుచున్నది! ‘ఆర్.టి.’ అన్న రొటీను, నిత్యవ్యవహారమునకు చెందినది.

మదరాసు రాజధాని నాటినుండి వచ్చిన మరియొక సంకేతమున్నది; దానిని రైతులు తప్పక ఎరుగవలెను. ఒక దస్త్రము తేలిన తరువాత దాని సంఖ్యకు ముందు ‘ఆర్.డిస్.’ అని వేసినచో ఆ కాగితము శాశ్వతముగా నిలుపవలసినది. ‘డి.డిస్.’ అని వేసినచో పదియేండ్ల తరువాత నాశనము చేయదగినది. ‘ఎల్.డిస్.’ అన్నచో అంతకంటె కొద్దికాలమే. భూమి తగవులో తండ్రికి వచ్చిన తీర్పు కాగితము నొసట ఏ అక్షరమున్నదో చూడక, అసలు కచేరీలో భద్రముగా నున్నదిగదా యని నకలు తీసికొనని కుమారుడు పండ్రెండేండ్ల తరువాత వెళ్లి అడిగినచో, నియమము ప్రకారమే అది లేదని జవాబు వచ్చును. అందు గుమాస్తా దోషము లేదు. కాగితపు ఆయువు దాని నొసటనే వ్రాసియుండెను, చదువుకొనలేదంతే. గుమ్మఘట్ట యున్న రాయదుర్గము తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనిది. అంతకు ముందటి కాగితములు వెదకువారు జిల్లా పేరును సయితము గమనింపవలెను.

పొడి అక్షరముల విస్తరణ తరువాతి తరమునకు అందనిచో ఏమగునో చూచుటకు దూరము పోనక్కరలేదు. పాత కరణములు గొలుసుకట్టు వ్రాతలో లెక్కలు వ్రాయుచు, తూము అనుటకు ఒక గుర్తు, భిన్నములకు వేరువేరు గుర్తులు వాడెడివారు. భిన్నము లేని చోట వేయు సున్న వంటి గుర్తునకు హళ్ళి అని పేరు. 1957 ఏప్రిలులో నయాపైసల లెక్క వచ్చినది, తరువాత కొలతలు మారినవి, 1984లో కరణముల పదవులే రద్దైనవి. గుర్తులు పోయినవి. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అను సామెత మాత్రము నాలుకల మీద మిగిలినది. హళ్ళి యేమియో అడిగినచో చెప్పువారు అరుదు. విచిత్రమేమన, 2008లో ప్రపంచ లిపులన్నిటిని కంప్యూటరులో చేర్చు యూనికోడు సంస్థవారు ఈ భిన్నపు గుర్తులను, తూము గుర్తును తెలుగు అక్షరముల సరసన చేర్చిరి. కోరినచో నేడు సబ్జెక్టు వరుసలో తూము గుర్తును వేయవచ్చును. చదువువారు కావలెను గదా!

హళ్ళి పోయిన నవ్వుకొనవచ్చును. చుక్కలు పోగొట్టినది అట్లు నవ్వుకొనదగినది కాదు. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు వ్రాయవలసిన గడిలో కొన్ని సర్వే నెంబర్లకు ఎదురుగా పేరు లేక వరుసగా చుక్కలు మాత్రము పెట్టబడినవి. ఆ చుక్కలు ‘పేరు ఇంకను తేలలేదు’ అను అర్థమున పెట్టినవో, ‘ప్రభుత్వముది’ అను అర్థమున పెట్టినవో విడమరచి వ్రాసినవారు లేరు. పెట్టినవారు గతించిరి. తరువాతివారు ఆ చుక్కలను ప్రభుత్వ భూమిగా చదివిరి. తాతతండ్రుల నుండి దున్నుకొను రైతు బిడ్డ పెండ్లికై ఎకరము అమ్మబోయిన రిజిస్ట్రేషను జరుగదు. బ్యాంకు అప్పు పుట్టదు. ‘చుక్కల భూములు’ అని వానికి పేరే వచ్చినది. ఈ చిక్కు తీర్చుటకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చెను. నాలుగు చుక్కల అర్థము తెలియకపోవుటకు ఒక చట్టము! ఒక్క పంక్తి వివరణ ఆనాడు అంచున వ్రాసియుండిన ఎందరి ప్రయాణములు, ఎందరి కన్నీళ్లు తప్పియుండెడివో.

నేటి పొడి అక్షరములలో మోసమును కలదు. ఎన్నడును లేఖ వ్రాయని వాని నుండి ‘రీ’ అను తలకట్టుతో లేఖ వచ్చినచో జాగ్రత్తపడవలెను. తాము ముందు వ్రాసిన దానికి జవాబు కాబోలునని చదువరి భ్రమించి విప్పుటకై మోసగాండ్రు దానిని ముందు తగిలింతురు. అడుగని అప్పునకు రశీదు చూపువాని వంటివారు వీరు. ఫోనునకు వచ్చు చిన్న సందేశములకు 2025 నుండి పంపినవారి పేరు కొసను ఒక ఆంగ్లాక్షరము చేర్చు ఏర్పాటును టెలికాం నియంత్రణ సంస్థ చేసినది. ‘పి’ అన్న వ్యాపార ప్రకటన, ‘ఎస్’ అన్న సేవకు సంబంధించినది, ‘టి’ అన్న డబ్బు లావాదేవీ వంటి వ్యవహారము, ‘జి’ అన్న ప్రభుత్వము. ప్రభుత్వపు సొమ్ము వచ్చినదని చెప్పుచు సాధారణపు పది అంకెల నెంబరు నుండి వచ్చిన సందేశమును నమ్మి ఓ.టి.పి. చెప్పినవారు చెప్పిన తరువాత చేయగలది తక్కువ. ఓ.టి.పి. అన్న ఒక్కమారు మాత్రమే చెల్లు రహస్యపు మాట. ఆ ‘ఒక్కమారు’ ఎవరికిని చెప్పుట కొరకు కాదు.

ఇక ఈ ఊరివారు తామే విద్యుల్లేఖ వ్రాయవలసి వచ్చినపుడు ఏమి చేయవలెను? తెలుగులోనే వ్రాయవచ్చును. తెలుగును రాష్ట్ర అధికారభాషగా చేయు చట్టము 1966లోనే వచ్చినది. సబ్జెక్టు వరుసలో ‘అర్జెంటు’ అనియు ‘మనవి’ అనియు వ్రాసినందున ప్రయోజనము లేదు. పుచ్చుకొను అధికారికి ఆ దినమున వచ్చిన మనవులన్నియు అర్జెంటువే. గ్రామము, సర్వే నెంబరు, కావలసిన పని, ఈ మూడును పొడి అక్షరములు లేక వ్రాసిన చాలును: ‘గుమ్మఘట్ట మండలము, ఫలానా గ్రామము, సర్వే నెంబరు ఇంత, 1-బి లో తండ్రి పేరు సవరణ’. ఆరు నెలల తరువాత వెదకినను ఆ లేఖ దొరకును. సంవత్సరము వ్రాయునపుడు ఫసలీయా క్రీస్తుశకమా స్పష్టపరచవలెను. ఫసలీ జూలై 1న మొదలగును గనుక రెండిటికిని మధ్య ఆరు నెలల తేడా ఎప్పుడును పొంచియుండును. పిల్లలు పెద్దలకు వ్రాయునపుడు ఎఫ్.వై.ఐ. మాని ‘మీ ఎరుకకు’ అనవచ్చును. మూడు అక్షరములకు బదులు రెండు మాటలు; ఇందు పోవు సొమ్మేమియు లేదు.

గ్రంథాలయమున పత్రికల బల్ల మీద ఒక గీతల నోటుపుస్తకమును దారము కట్టి ఉంచుట మేలు. ఎడమ ప్రక్క పొడి అక్షరము, కుడి ప్రక్క దాని పూర్తి మాట, అది కనబడిన చోటు. మొదటి పుటలో ఉ., చ., శా., మ.; రెండవదానిలో అడంగలు, 1-బి కాగితములలోనివి; మూడవదానిలో బెంగుళూరు పిల్లలు పండుగకు వచ్చినపుడు చెప్పినవి. ఎవరికి తెలిసినది వారు నింపవలెను. తెలియని దానికి ఎదురుగా గడిని ఖాళీగా విడువవలెను. చుక్కలు మాత్రము పెట్టరాదు.